గీజరు మార్చే ముందు చూడవలసినవి

కార్తీకం దాటి చలి ముదిరే రోజుల్లో, వేసవి మొదలు స్విచ్చు ముట్టుకోని గీజర్లన్నీ ఒకేసారి పనిలోకి వస్తాయి, వాటి వెనకే ఇబ్బందులూ వస్తాయి. నీళ్లు వేడెక్కకపోయినా, వేడెక్కినవి సగం బకెట్టుకే చల్లబడినా, ధార సన్నబడినా, కింద చుక్కలు పడినా మన ఇళ్లలో వినిపించే మాట ఒక్కటే: "గీజరు పోయింది." నిజానికి ఈ నాలుగూ వేర్వేరు చోట్ల పుట్టే తేడాలు. గీజరు లోపలి తొట్టె చిల్లుపడినప్పుడు తప్ప దాన్ని మార్చవలసిన అవసరం సాధారణంగా రాదు. మిగిలిన తేడాలకు కారణం కరెంటులోనో, నీటిలోనో, పైపుల్లోనో ఉంటుంది. వాటిని సరిచేయకుండా కొత్త గీజరు బిగిస్తే రెండు చలికాలాల తరువాత అదే మాట మళ్లీ వినవలసి వస్తుంది. డాబా మీద ట్యాంకు, బాత్రూములో గోడకు తగిలించిన స్టోరేజీ గీజరు ఉన్న ఇల్లు మన దగ్గర ఎక్కువ కనుక, ఈ వ్యాసం ఆ అమరికనే దృష్టిలో పెట్టుకుని రాసినది.

పని మొదలుపెట్టే ముందు గోడ మీది స్విచ్చు ఆపితే చాలదు. పాత ఇళ్లలో స్విచ్చు ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద కాక న్యూట్రల్ (తిరిగి పోయే తీగ) మీద పడి ఉండవచ్చు. అటువంటి చోట స్విచ్చు ఆపినా, నీటిని కాచే ఎలిమెంటు దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. కాబట్టి బోర్డులో గీజరు ఎంసీబీని (ఆ లైనుకు కరెంటు తెంపే మీటను) దించి, ప్లగ్గు ఊడదీసి, టెర్మినళ్ల దగ్గర టెస్టరు వెలగడం లేదని చూసుకున్న తరువాతే కింది మూత విప్పాలి. మీటరుతో కొలిచి చూడడం, వాషరు మార్చడం, జాలి కడగడం ఇంటివారు చేసుకోదగిన పనులు. వైరింగు మార్చడం, ఎర్తింగు సరిచేయడం మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకే అప్పగించాలి.

నీళ్లు అసలు వేడెక్కనప్పుడు

ముందు చూడవలసినది గీజరును కాదు, ప్లగ్గును. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంత కరెంటు రోజూ పోయే చోట ప్లగ్గు పిన్ను కాస్త వదులుగా ఉన్నా అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగి, చివరికి సంబంధం తెగిపోతుంది. సాకెట్టు 16 ఆంపియర్లదై ఉండాలి. వైరు 2 కిలోవాట్లకు 2.5 చదరపు ఎంఎం, 3 కిలోవాట్లకు 4 చదరపు ఎంఎం ఉండడం మంచిది. ప్లగ్గును పీకి చేత్తో పట్టుకుంటే చేయి కాలుతున్నదంటే, గీజరు పనిచేస్తున్నా సరే, ఆ సాకెట్టు ఆయువు తీరినట్టే.

కరెంటు సరిగా వస్తున్నదని తేలిన తరువాత గీజరు మీది దీపాలను గమనించాలి. చాలా మోడళ్లలో ఒక దీపం కరెంటు వచ్చినదని, రెండోది నీళ్లు కాగుతున్నాయని చెబుతుంది. మొదటిది వెలిగి రెండోది వెలగకపోతే లోపం థర్మోస్టాటులోనో (నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపే భాగం), కటౌటులోనో (నీళ్లు మితిమీరి కాగితే కరెంటు తెంపే భాగం) ఉండే అవకాశం ఎక్కువ. రెండూ వెలుగుతున్నా నీళ్లు చల్లగానే ఉంటే ఎలిమెంటును అనుమానించాలి. కొన్ని గీజర్లలో కటౌటుకు చిన్న రీసెట్ బొత్తం ఉంటుంది. దానిని ఒకసారి నొక్కి చూడవచ్చు, కానీ కటౌటు ఊరికే పడదు. తొట్టెలో నీళ్లు లేకుండా గీజరు వేసినందువల్లనో, థర్మోస్టాటు అతుక్కుపోయి నీళ్లు మితిమీరి కాగినందువల్లనో పడుతుంది. మళ్లీ పడితే మళ్లీ నొక్కకుండా థర్మోస్టాటు మార్పించాలి. కటౌటును తీసేసి వైర్లు నేరుగా కలిపేస్తే పని జరిగిపోతుందని చెప్పే మెకానిక్కును రెండోసారి పిలవకూడదు.

ఎలిమెంటు సంగతి మల్టీమీటరు తేల్చేస్తుంది. వైర్లు విడదీసి రెండు కాళ్ల మధ్య కొలిస్తే, 2 కిలోవాట్ల ఎలిమెంటు దాదాపు 26 ఓములు, 3 కిలోవాట్లది 18 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగింది. ఒక కాలికీ గీజరు బాడీకీ మధ్య కొలిచినప్పుడు ఓములు కనిపిస్తే పైగొట్టం పగిలి కరెంటు నీటిలోకి దిగుతున్నదని అర్థం. కుళాయి పట్టుకుంటే జివ్వుమనే ఇళ్లలో జరుగుతున్నది చాలాసార్లు ఇదే. ఆ గీజరును అప్పటికప్పుడు ఆపివేయాలి. ఎర్తింగు సరిగా ఉండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా బోర్డులో ఉంటే, లీకేజీ మొదలైన క్షణంలోనే కరెంటు తెగిపోతుంది. ఈ ఒక్క పరికరం లేని ఇంట్లో కొత్త గీజరు కన్నా ముందు కొనవలసింది ఇదే.

వేడెక్కుతాయి గాని ఆలస్యమంటారు కొందరు. దీనికి గడియారం చాలు. 15 లీటర్ల నీటిని 22 డిగ్రీల నుంచి 57 డిగ్రీలకు తేవడానికి 2 కిలోవాట్ల ఎలిమెంటుకు 18 నిమిషాలు పడుతుంది. తొట్టెకూ గాలికీ పోయే వేడిని కలుపుకుంటే 20 నిమిషాలు. మీ గీజరు అరగంట తీసుకుంటే ఉదయం వేళ వోల్టేజీ ఎంత ఉన్నదో చూడాలి. వోల్టేజీ 230 నుంచి 190కి పడిపోతే ఎలిమెంటు ఇచ్చే వేడి మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న ఇళ్లలో ఇది మామూలే, దీనికి గీజరు మార్చినా ఫలితం ఉండదు. అలా కాక ఎనిమిది తొమ్మిది నిమిషాలకే దీపం ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగా ఉంటే, థర్మోస్టాటు తప్పు లెక్క చెబుతున్నదన్నమాట. ఆ తప్పుకు సాధారణ కారణం బోరు నీళ్లు.

ఉప్పు పట్టడం అంటే

జనం ఉప్పు అంటారు గాని అది ఉప్పు కాదు, సున్నం. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడి తగలగానే విడిపోయి కాల్షియం కార్బనేటుగా, అంటే ముగ్గురాయి వంటి పదార్థంగా పేరుకుంటుంది. నీరు ఎక్కడ ఎక్కువ వేడెక్కుతుందో అక్కడే, అంటే ఎలిమెంటు మీదనే, ఎక్కువ పేరుకుంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 మొత్తం కాఠిన్యం (నీటిలో కరిగిన సున్నం వంటి వాటి పాలు) లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండవచ్చునని, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకోవచ్చునని చెబుతున్నది. 200 దాటిన నీరు తాగడానికి ఇబ్బంది కాకపోయినా గీజరుకు మాత్రం ఇబ్బందే. నీటి ఫిల్టర్ల వారు జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు కాఠిన్యాన్ని కొలవదు, కరిగినవన్నీ కలిపి చూపుతుంది. కాఠిన్యానికి వేరే కిట్టు ఉంటుంది, లేదా నీటి పరీక్ష చేసే ల్యాబులో చెబుతారు.

సున్నం పట్టిన గీజరు కరెంటు ఎక్కువ తింటుందనే మాట బాగా ప్రచారంలో ఉన్నది, అది పూర్తిగా నిజం కాదు. ఎలిమెంటు లాగే కరెంటు అంతే, ఆ వేడి చివరికి చేరేదీ నీటికే. అసలు నష్టం వేరు: సున్నపు పొర కింద చిక్కుకున్న ఎలిమెంటు వేడిని వదలలేక తనే కాలిపోతుంది. దాని పక్కనే ఉండే థర్మోస్టాటు గొట్టం కూడా ఆ పొరలో కూరుకుపోతే, తొట్టెలో నీరు కాగకముందే కాగిందనుకుని కరెంటు ఆపేస్తుంది. గీజరు లోపల పేలాలు వేగుతున్నట్టు చిటపటలు వినిపిస్తే విప్పి చూడవలసిన సమయం వచ్చినట్టు.

మా ఇంట్లో 25 లీటర్ల గీజరును నాలుగేళ్లకు మొదటిసారి విప్పినప్పుడు కింది ప్లేటు ఊడి రాలేదు. నట్లన్నీ తీసినా ఎలిమెంటు సున్నంతో లావెక్కి రంధ్రంలో ఇరుక్కుపోయింది. అటూ ఇటూ మెల్లగా కదిపి లాగితే, ముందు తడి సున్నం పెళ్లలు దోసెడు చొప్పున బకెట్టులో పడ్డాయి. బయటికి వచ్చిన ఎలిమెంటు చింతకాయలా వంకరగా, గణుపులు గణుపులుగా ఉన్నది. తొట్టె తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం ఆనోడ్ రాడ్ స్థానంలో, సైకిలు చువ్వ అంత ఇనుప తీగ మాత్రం మిగిలి ఉన్నది. అంటే ఎన్ని నెలల నుంచో తొట్టె ఏ రక్షణా లేకుండా నీటిలో నానుతున్నదన్నమాట. ఎలిమెంటు పోయి ఉండకపోతే ఆ సంగతి తెలిసేదే కాదు.

శుభ్రం చేయడానికి ముందుగా ఎంసీబీ దించి, నీళ్లు చల్లబడనిచ్చి, గీజరుకు వచ్చే వాల్వు కట్టేయాలి. వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచితే పైనుంచి గాలి లోపలికి పోతుంది, అప్పుడు కింద చల్లనీళ్ల కనెక్షను పైపు విప్పి తొట్టెను ఖాళీ చేయవచ్చు. వైర్లు విప్పే ముందు ఫోనులో ఒక ఫోటో తీసుకుంటే తిరిగి కలిపేటప్పుడు తడుముకోనక్కరలేదు. ఎలిమెంటును కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. కరెంటు కాళ్లు మాత్రం తడవకూడదు. తెల్లారేసరికి పొర మెత్తబడి వేలితోనే రాలుతుంది. బాత్రూము కడిగే యాసిడ్ వాడితే పని నిమిషాల్లో అయిపోతుంది గాని, అది సున్నంతో పాటు రాగి గొట్టాన్నీ, దాని పైపూతనూ తినేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్టు, ఆనోడ్ రాడ్ కొత్తవి వేయాలి. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా ఉన్న జతలుగా కొంచెం కొంచెం బిగిస్తే ప్లేటు ఒక పక్కకు ఒరగదు. తొట్టె నిండి వేడినీళ్ల కుళాయి నుంచి ధార రావడం చూసిన తరువాతే స్విచ్చు వేయాలి. తొందరపడి నీళ్లు లేని తొట్టెలో కరెంటు వేస్తే కొత్త ఎలిమెంటు కూడా కాలిపోతుంది.

బోరు నీళ్ల ఇళ్లలో ఈ పని ఏడాదికొకసారి, చలికి ముందే చేసుకోవాలి. థర్మోస్టాటును 75 దగ్గర కాక 55 డిగ్రీల దగ్గర ఉంచితే పొర నెమ్మదిగా కడుతుంది. హైదరాబాదులో చాలా ఇళ్లకు నల్లా నీళ్లూ బోరు నీళ్లూ రెండూ ఉంటాయి, రెండింటినీ ఒకే సంపులో కలిపేస్తారు. డాబా మీద నల్లా నీటికి ఒక చిన్న ట్యాంకు విడిగా పెట్టి గీజరు లైనును దానికి కలపడం, నాకు తెలిసినంతలో, ఈ ఇబ్బందికి అన్నిటికన్నా చౌకైన మందు. ఆ వీలు లేకపోతే నీటిలోని సున్నాన్ని పట్టుకునే రెజిన్ సాఫ్టెనరు (దాని శక్తి తగ్గినప్పుడు ఉప్పు నీటితో కడిగి మళ్లీ వాడుకునేది) పనిచేస్తుంది. పైపు చుట్టూ అయస్కాంతం కట్టి సున్నం ఆపుతామనే వారికి డబ్బు ఇవ్వవద్దని నా సలహా.

తొందరగా అయిపోయే వేడినీళ్లు

15 లీటర్ల గీజరులో 60 డిగ్రీల నీళ్లను 20 డిగ్రీల చల్లనీళ్లతో కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు 30 లీటర్లు వస్తాయి, అంటే ఒకటిన్నర బకెట్టు. ఈ లెక్కకు చాలా తక్కువ వస్తుంటే రెండు సంగతులు చూడాలి. మొదటిది, చల్లనీళ్ల పైపు, వేడినీళ్ల పైపు తారుమారుగా బిగించి ఉండడం. నీలం గుర్తు దగ్గర చల్లనీళ్లు లోపలికి, ఎరుపు గుర్తు దగ్గర వేడినీళ్లు బయటికి ఉండాలి. తారుమారైతే అడుగున ఉండే చల్లని నీరే ముందు బయటికి వస్తుంది. రెండోది, మిక్సరులో, అంటే వేడినీళ్లనూ చల్లనీళ్లనూ కలిపి ఇచ్చే కుళాయిలో, రెండు లైన్లూ లోలోపల కలిసిపోవడం. దీనికి సులువైన పరీక్ష ఉన్నది: గీజరుకు వచ్చే చల్లనీళ్ల వాల్వును పూర్తిగా కట్టేసి, వేడినీళ్ల కుళాయి తిప్పాలి. మొదట కొంచెం వచ్చి ధార ఆగిపోతే లైను సరిగా ఉన్నట్టు. ఆగకుండా వస్తూనే ఉంటే చల్లనీళ్లు ఏదో ఒక మిక్సరు లేదా డైవర్టరు (నీటిని కుళాయికో షవరుకో మళ్లించేది) గుండా వేడి లైనులోకి దొంగతనంగా చొరబడుతున్నట్టు. ఒక్కొక్క మిక్సరు కింది యాంగిల్ కాకులు (గోడ దగ్గర నీటిని ఆపే చిన్న వాల్వులు) కట్టుకుంటూ పోతే ఏ మిక్సరుతో ధార ఆగుతుందో దాని కార్ట్రిడ్జిని (లోపలి వాల్వు భాగాన్ని) మార్చాలి.

సన్నని ధార

వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తూ చల్లనీళ్లు బాగా వస్తుంటే తేడా గీజరు చుట్టుపక్కలే ఉంటుంది: చల్లనీళ్ల దారిలోని వాల్వు ఇరుక్కుపోవడం, యాంగిల్ కాకులో జాలి మూసుకుపోవడం, బయటికి వచ్చే నిప్పిలులో (చిన్న మర గొట్టంలో) సున్నం గడ్డకట్టడం. రెండూ సన్నగా వస్తుంటే ట్యాంకు నుంచి వెతకాలి. ట్యాంకు ఎత్తు మీటరుకు 0.1 బారు (బారు ఒత్తిడికి కొలత) ఒత్తిడి ఇస్తుంది. పై అంతస్తులో షవరు కన్నా ట్యాంకు అడుగు రెండు మీటర్లే ఎత్తున ఉంటే దక్కేది 0.2 బారు. దానితో బకెట్టు నిండుతుంది గాని, కొత్తగా కొన్న పెద్ద షవరు వానలా కురవదు. అది షవరు లోపమూ కాదు, గీజరు లోపమూ కాదు.

ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండిన మరునాడు ధార ఆగిపోతే లైనుకు గాలి పట్టినట్టు. ట్యాంకు నుంచి బయలుదేరిన పైపు పిట్టగోడ ఎక్కి దిగే ఇళ్లలో ఆ వంపు దగ్గర గాలి చిక్కుకుంటుంది. వంపులో అన్నిటికన్నా ఎత్తైన చోట ఒక టీ (మూడు దారుల జాయింటు) వేసి, ట్యాంకులో నీటి మట్టాన్ని దాటేంత ఎత్తుకు ఎయిర్ పైపు లేపితే గాలి దానంతట అదే పోతుంది. ప్రెషర్ పంపు పెట్టుకునేవారు దాన్ని చల్లనీళ్లకూ గీజరుకూ వెళ్లే లైన్లు విడిపోకముందే పెట్టాలి. ఒక్క చల్లనీళ్ల లైనుకే పెడితే ఆ ఒత్తిడి మిక్సరులో వేడినీళ్లను వెనక్కి నెట్టేస్తుంది. గీజరు పేరుపట్టీ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడిని పంపు ఒత్తిడితో పోల్చుకోవడం మరువకూడదు.

చుక్కలు పడే చోటు

నీరు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే నూటికి ఒకటిన్నర వంతు ఉబ్బుతుంది. 15 లీటర్లకు అది ఒక గ్లాసు నీళ్లు. చల్లనీళ్ల దారిలో వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటే, ఆ గ్లాసు నీళ్లు సేఫ్టీ వాల్వు గుండా చుక్కలు చుక్కలుగా బయటికి రావాలి. అవి కారడం ఆరోగ్య లక్షణం. మా బంధువుల ఇంట్లో ఆ చుక్కలు నేల తడుపుతున్నాయని ఒక ప్లంబరు వాల్వు మూతికి టెఫ్లాన్ టేపు చుట్టి, డమ్మీ (మూసేసే బిరడా) బిగించి పోయాడు. ఇంట్లోవారు సంతోషించారు. నేను చూసేనాటికి అది రెండేళ్లుగా అలాగే ఉన్నది. థర్మోస్టాటూ కటౌటూ ఆ రెండేళ్లలో ఒకేసారి మొండికేయకపోవడం వారి అదృష్టం, ఎందుకంటే ఆ రెండూ పనిచేయని రోజు మూసిన తొట్టె బాంబుతో సమానం. చుక్కలు ఇబ్బంది అనిపిస్తే వాల్వు మూతికి సన్నని గొట్టం తగిలించి నీళ్లు పోయే తూములోకి దింపాలి, మూయకూడదు. నీళ్లు కాగనప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే వాల్వును మార్చాలి. వాల్వు నుంచి కాక గీజరు బాడీ అంచు నుంచి తుప్పు రంగు నీళ్లు వస్తుంటే లోపలి తొట్టె చిల్లుపడినట్టు. దానికి వెల్డింగు పనికిరాదు, మొదట చెప్పిన ఆ ఒక్క సందర్భం ఇదే.

పైపులు మార్చేటప్పుడు

పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులు బయటికి బాగానే కనిపించినా, ఎల్బోల (మలుపు జాయింట్ల) దగ్గర తుప్పు, సున్నం కలిసి అర అంగుళం దారిని పెన్సిలు దూరే సందుగా చేస్తాయి. వాటి స్థానంలో వేడినీళ్లకు సీపీవీసీ, అంటే వేడిని తట్టుకునే రకం పీవీసీ, వేయాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి జాయింట్లు జారుతాయి. సీపీవీసీకి దాని సొల్యూషనే (అతికించే జిగురే) వాడాలి, కుళాయి మరలు వచ్చే చోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగులే వేయాలి. ప్లాస్టిక్కు మరలో ఇత్తడి కుళాయి బిగిస్తే అది పగిలేది గోడ పూత అయిపోయిన తరువాతే. గోడలో దాచే లైనును మూసే ముందు, సొల్యూషను ఒక రోజు ఆరనిచ్చి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, గేజీ ముల్లు రాత్రంతా దిగలేదని కళ్లారా చూడాలి. పైపు పొడవు కూడా లెక్కలోనిదే: ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు నీరు నిలుస్తుంది కనుక, 15 మీటర్ల దూరంలో గీజరు పెడితే ప్రతిసారీ దాదాపు నాలుగు లీటర్ల చల్లనీళ్లు పారబోసిన తరువాతే వేడి అందుతుంది. ఇంటంతటికీ ఒక పెద్ద గీజరు కన్నా, బాత్రూముకొక చిన్నది మేలనడానికి ఇదే కారణం.

సోలారు పెట్టుకునేవారు 100 లీటర్ల మోడలు ఇద్దరు ముగ్గురికి సరిపోతుందని లెక్క వేసుకోవచ్చు. కఠినమైన బోరు నీటికి సన్నని రాగి గొట్టాల ప్లేటు రకం త్వరగా మూసుకుపోతుంది, గాజు గొట్టాల రకం శుభ్రం చేయడం తేలిక. చల్లనీళ్ల ట్యాంకు అడుగు సోలారు ట్యాంకు పైభాగం కన్నా ఎత్తున ఉండాలి, ఎయిర్ పైపు చల్లనీళ్ల ట్యాంకు మట్టాన్ని దాటాలి. ఈ రెండు ఎత్తులు కుదరని డాబాల మీద ఎంత మంచి సోలారైనా సగం నిండుతుంది, లేదా పైపు మూతి నుంచి పొంగుతుంది. గ్యాస్ గీజరును మాత్రం కిటికీ లేని బాత్రూము లోపల ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు. గ్యాసు సరిగా మండక పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, స్నానం చేస్తున్న మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు.

అన్నీ సరిచేసిన రోజున 20 లీటర్ల బకెట్టు వేడినీళ్ల కుళాయి కింద ఎంతసేపట్లో నిండిందో, నీళ్లు కాగి దీపం ఆరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఆనోడ్ రాడ్ ఏ తేదీన వేశారో మార్కరుతో గీజరు పక్కన రాసి ఉంచాలి. వచ్చే చలికాలం అదే బకెట్టుతో మళ్లీ కొలిచినప్పుడు పోల్చడానికి ఆ మూడు అంకెలు చాలు.